కన్మాయి ఎండితే కప్ప ఎక్కడికి పోతుంది?

కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాలలో వానాకాలమంటే ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య ఋతుపవనమే. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి ఇటీవల వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ కాలక్రమం మొదట కొంత వింతగా తోస్తుంది. అక్కడ తొలకరితోపాటే జూన్‌లో మొదలయ్యే కప్పల బెకబెకలు ఇక్కడ దీపావళి దగ్గరపడే వేళకు గాని జోరందుకోవు. కొన్ని శతాబ్దాల క్రిందటే దక్షిణానికి తరలివచ్చి ఈ నేలను సాగులోకి తెచ్చిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇది తరతరాల పరిచయం. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో జన్మించిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. అటువంటి వలస కుటుంబాల గాథనే ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా మలిచారు. తెలుగువారు నల్లరేగడి అనే నేలనే ఇక్కడివారు కరిసల్ అంటారు. వేసవిలో చేయి దూరేంత పగుళ్లు బారి, తొలి వానకు ఉబ్బి మూసుకుపోయే నేల ఇది. నీటిని త్వరగా లోపలికి ఇంకనివ్వదు. కనుక పెద్ద వాన కురిస్తే పల్లపు చోట్లన్నీ తాత్కాలికంగా మడుగులవుతాయి. ఈ ప్రాంతపు కప్పల జీవితమంతా ఆ కొద్దికాలపు నీటి మీదనే ఆధారపడి ఉంది.

ఇక్కడి మైదానాలలో కప్పలు ఒకే రకం కావు. అన్నిటికంటె పెద్దది బావురుకప్ప. వానల వేళ మగకప్ప ఒళ్లంతా నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు క్రింద రెండు నీలి తిత్తులను ఉబ్బించి అరుస్తుంది. చూడని వారికి చెబితే నమ్మశక్యం కాని రంగు అది. గరుకు చర్మంతో, ఇళ్ల గుమ్మాల దగ్గర దీపపు పురుగుల కోసం కాచుకుని కూర్చునేది గోదురుకప్ప. నీటిమీద రాయి విసిరినట్లు గెంతుకుంటూ పోయే చిన్న కప్పలున్నాయి. వెనుక కాళ్లతో మట్టిని తవ్వుకుంటూ నేలలోకి దిగి, పది నెలలైనా లోపల నిరీక్షించి, వానకు మాత్రమే పైకి వచ్చే బుంగకడుపు కప్పలున్నాయి. వాన కోసం కప్పను రోకలికి కట్టి, వేపమండలు కప్పి, ఇంటింటా నీళ్లు పోయించుకునే కప్పతల్లి వేడుక తెలుగునాట చాలామంది ఎరిగినదే. మేఘానికి, కప్పకు ముడి వేసిన ఆ పల్లె ఆలోచనలో అసంబద్ధం ఏమీ లేదు. లంకె నిజంగానే ఉంది. అయితే కప్ప వానను తీసుకురాదు; వాననీరు ఎంతకాలం, ఏ స్థితిలో నిలిచిందో అది తెలియజేస్తుంది.

ప్రపంచమంతటా ఉభయచరాలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన శాస్త్రజ్ఞుల మధ్య గట్టిగా వినిపించినది 1989లో, ఇంగ్లండులోని కాంటర్‌బరీలో జరిగిన తొలి ప్రపంచ సరీసృప, ఉభయచర శాస్త్ర మహాసభలో. వివిధ ఖండాల పరిశోధకులు తమ తమ అడవులలో కప్పలు కనబడటం లేదని ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు గాని, అది ఎక్కడికక్కడ జరుగుతున్న విడి సంగతి కాదని తేలలేదు. 2023లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన సమీక్ష 8,011 జాతులను పరిశీలించి, వాటిలో సుమారు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని నిర్ధారించింది. క్షీరదాలలో గాని పక్షులలో గాని ముప్పు ఈ స్థాయిలో లేదు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. పైన చెప్పిన బావురుకప్ప, గోదురుకప్ప వంటి మైదానపు జాతులు అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పు లేని వర్గంలోనే ఉన్నాయి. దీనిని చూసి కొందరు నిశ్చింత పడతారు. కాని ఆ లెక్క భారత ఉపఖండమంతటినీ కలిపి వేసినది. దేశంలో ఒక జాతి క్షేమంగా ఉన్నంత మాత్రాన ఒక పట్టణపు ఊరణిలో అది ఉన్నట్లు కాదు. కప్పల తక్కెడ అని సామెత ఉండనే ఉంది; తూకానికి నిలవని ఈ ప్రాణుల లెక్క ఊరూరా ఎవరూ తీయరు, అందువల్ల ఒక చోట అవి లేకుండా పోవడం చాలాకాలం వరకు ఎవరి దృష్టికీ రాదు.

రోజులతో పందెం

కప్పది రెండు బ్రతుకుల జన్మ. గుడ్డుకు పెంకు ఉండదు. నీటిలో జిగురు ముద్దగా తేలుతుంది. దానినుంచి వెలువడిన తోకకప్ప చేపవలె మొప్పలతో శ్వాసిస్తూ, నాచు గీరి తింటూ పెరుగుతుంది. తరువాత కాళ్లు మొలిచి, తోక కరిగి, ఊపిరితిత్తులు ఏర్పడి గట్టు ఎక్కుతుంది. ఈ మార్పుకు జాతిని బట్టి కొన్ని వారాల నుంచి రెండు నెలల వరకు పడుతుంది. అంతవరకు మడుగులో నీరు నిలవాలి. ఒక్క వారం ముందు ఎండినా ఆ యేటి సంతానమంతా బురదలో అట్టకట్టి పోతుంది.

కరిసల్ ప్రాంతంలో ఈ పందెం ఎప్పుడూ కష్టమైనదే. కాని ఇటీవల వానల తీరు మరింత నిలకడ తప్పింది. 2016 ఈశాన్య ఋతుపవనంలో తమిళనాడుకు రావలసిన వర్షంలో 62 శాతం లోటు ఏర్పడింది. ఏడేళ్ల తరువాత, 2023 డిసెంబరు 17, 18 తేదీలలో తూత్తుకుడి జిల్లాలో వరద ముంచెత్తింది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఒక యేడు వాన లేదు, ఇంకొక యేడు ఏడాది వాన అంతా ఒక్క రోజులో. ఈ రెండూ తోకకప్పకు మృత్యువే. ఎండిన మడుగులో అది బ్రతకదు, ఉరవడిలో గుడ్లముద్ద నిలవదు. పైన పేర్కొన్న 2023 సమీక్ష కూడా ఇదే దిశగా వేలు చూపింది: 2004 తరువాత పరిస్థితి దిగజారిన జాతులలో సుమారు 39 శాతానికి ప్రధాన కారణం వాతావరణ మార్పు.

వాన మనిషి చేతిలోనిది కాదు. నీరు నిలిచే చోటు మాత్రం మనిషి చేతిలోనిదే. తెలుగునాట చెరువు అనే దానిని ఇక్కడ కన్మాయి అంటారు. తాగునీటి కోసం తవ్విన చిన్న గుంట ఊరణి. ఒక కన్మాయి నిండి అలుగు పారితే ఆ నీరు క్రింది కన్మాయికి చేరేలా పూర్వులు గొలుసుకట్టుగా వీటిని ఏర్పరచారు. ఆ వరవ కాలువలు పూడిపోయినా, వాటి మీద ఇళ్లు లేచినా, వాన బాగా పడిన యేడు సైతం క్రింది చెరువు నిండదు. దీనికి తోడు సీమై కరువేలం, అనగా తెలుగువారు సర్కారు తుమ్మ అనే చెట్టు, అనేక కన్మాయిల కడుపును, కాలువలను ఆక్రమించింది. పంతొమ్మిదవ శతాబ్దంలో వంటచెరకు కోసం ఈ దేశానికి తెచ్చిన మెక్సికో ప్రాంతపు మొక్క అది. వాటిని తొలగించాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017లో ఆదేశించింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం హానికరమైన పరాయి మొక్కలపై ఒక విధానాన్ని ప్రకటించింది. అయితే ఆ బొగ్గును కాల్చి బ్రతికే పేద కుటుంబాలు ఈ జిల్లాలలో ఎన్నో ఉన్నాయి గనుక, ఇది గొడ్డలితో ఒక్క రోజులో తీరే వ్యవహారం కాదు.

పూడికతీత గురించి కూడా ఒక మాట. 2016–17లో మొదలైన కుడిమరామత్తు పథకం క్రింద ఎన్నో చెరువులు బాగుపడ్డాయి, అది మేలే. కాని వేసవిలో కన్మాయి అడుగు ఖాళీగా ఉన్నట్లు కనబడినా నిజానికి ఖాళీ కాదు. ఆ మట్టిలోనే, పగుళ్ల లోతులలోనే కప్పలు నిద్రిస్తుంటాయి. యంత్రం అంచు నుంచి అంచు వరకు ఒకేసారి గీకివేస్తే మట్టితోపాటు అవీ లారీ ఎక్కుతాయి. సగం ఈ యేడు, సగం వచ్చే యేడు తవ్వితే పనికి వచ్చే నష్టం స్వల్పం.

అగ్గిపెట్టె, బాణసంచా, తోకకప్ప

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ముప్పు ఒకటి ఉంది. అది కంటికి కనబడదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి పట్టణాలు అగ్గిపెట్టెలకు పేరుపొందినవి. శివకాశి బాణసంచా దేశమంతటికీ వెళ్తుంది. వలస వచ్చిన అనేక తెలుగు కుటుంబాలకు కూడా ఈ పరిశ్రమల చుట్టూ అల్లుకున్న పనులే జీవనాధారం. ఈ తయారీలో వాడే రసాయనాలలో పెర్‌క్లోరేట్ ఒకటి. ఇది ఉప్పువలె నీటిలో సులభంగా కరుగుతుంది, నేలలో ఎక్కడా అంటుకోకుండా నీటితోపాటే ప్రయాణిస్తుంది.

శివకాశి, మదురై ప్రాంతాల నీటిని పరీక్షించిన ఒక పరిశోధన 2013లో ప్రచురితమైంది. అరవై భూగర్భజల నమూనాలలో కొన్నిటిలో పెర్‌క్లోరేట్ దాదాపు లేనే లేదు. అత్యధికంగా ఒకదానిలో లీటరుకు 7,690 మైక్రోగ్రాములు ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తాగునీటికి తాత్కాలికంగా సూచించిన పరిమితి లీటరుకు 15 మైక్రోగ్రాములు. బాణసంచా కర్మాగారాల పరిసరాలలోనే మోతాదు హెచ్చుగా ఉన్నందున, ఆ పరిశ్రమ, అగ్గిపెట్టెల పరిశ్రమ దీనికి ప్రధాన మూలాలని పరిశోధకులు తేల్చారు. అదే పరిశోధనలో చెరువులు మొదలైన ఉపరితల జలాలలో అత్యధికం 30 మైక్రోగ్రాములే; కుళాయి నీటి నమూనాలు మూడింటిలోనూ ఒక మైక్రోగ్రాము కంటె తక్కువ. అంటే భయపడవలసినది కుళాయిని చూసి కాదు, కర్మాగారాల చెంత తవ్విన బోరుబావులను చూసి. నీటిని మరిగించినందువల్ల పెర్‌క్లోరేట్ పోదన్న సంగతి ఇంటి ఆడవారు తెలుసుకోదగినది, మగవారు అంతకంటె ముందు తెలుసుకోదగినది.

ఇది కప్పకు ఏమి చేస్తుంది? తోకకప్ప కప్పగా మారడం మొత్తం థైరాయిడ్ గ్రంథి స్రావం నడిపే కార్యం. 1912లోనే గూడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్రపు థైరాయిడ్‌ను తోకకప్పలకు తినిపించి, అవి వేళకు ముందే చిట్టి కప్పలుగా మారడం చూపించాడు. ఆ స్రావం తయారు కావాలంటే అయోడిన్ కావాలి. పెర్‌క్లోరేట్ సరిగ్గా ఆ అయోడిన్‌కే దారి మూసివేస్తుంది. 2002లో వెలువడిన ఒక ప్రయోగశాల పరిశోధనలో, పెర్‌క్లోరేట్ కలిపిన నీటిలో పెంచిన ఆఫ్రికా నీటికప్ప పిల్లలకు ముందుకాళ్లు రావడం, తోక కరగడం ఆగిపోయాయి. శుభ్రమైన నీటిలోకి మార్చినప్పుడు తిరిగి కోలుకున్నాయి.

ఆ చివరి మాట వినడానికి బాగుంటుంది. కాని కరిసల్ మడుగులోని తోకకప్పను శుభ్రమైన నీటిలోకి మార్చేవారు లేరు. దానికున్నది కొద్ది వారాల గడువు. మార్పు పది రోజులు ఆలస్యమైతే విషం దానిని చంపనక్కరలేదు, ఎండ ఆ పని పూర్తిచేస్తుంది. రెండు ముప్పులు వేరువేరుగా చిన్నవైనా కలిస్తే ఎంత అవుతాయో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఇక మనిషి శరీరంలోనూ థైరాయిడ్ పనిచేసేది అయోడిన్‌తోనే. గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ మీద ఆధారపడుతుంది. కప్పకు, గర్భిణికి ఈ విషయంలో తేడా మోతాదులోనే.

పొలాల నుంచి వచ్చే మందుల సంగతి దీనికంటె పాతది. కోవిల్‌పట్టి చుట్టుప్రక్కల వానాధారపు ప్రత్తి, మినుము, పెసర, మొక్కజొన్న పైర్లు ఈశాన్య ఋతుపవనంతోనే మొలకెత్తుతాయి. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మొక్కజొన్నను పట్టుకున్నాక పిచికారీ పెరిగింది. మందు కొట్టే వారాలు, కప్పలు గుడ్లు పెట్టే వారాలు ఒకటే కావడం కప్పల దురదృష్టం. కప్ప చర్మం నీటికి, గాలికి తెరిచిన తలుపు వంటిది. అది చర్మంతోనే నీరు త్రాగుతుంది, చర్మంతో కొంత శ్వాసిస్తుంది. నీటిలో ఉన్నది ఏదైనా దాని ఒంటిలోకి పోకుండా ఆపే కవచం లేదు.

దోమల పేరిట

పట్టణాలలో కప్పల గుంటలకు జరిగే హాని చాలావరకు దోమల నివారణ పేరిట జరుగుతుంది. గంబూసియా అనే చిన్న చేపను దోమ పిల్లలను తినడానికి చెరువులలో, బావులలో వదలడం బ్రిటిషు కాలం నుంచి ఉన్న పద్ధతి. అది దోమ పిల్లలనే ఏరి తినదు. కప్ప గుడ్లను, తోకకప్పలను కూడా కొరుకుతుంది. మూసిన బావిలో దాని వల్ల ప్రమాదం లేదు. వానకు నిండి వేసవికి ఎండే మడుగులో మాత్రం దానిని వదలడం ప్రయోజనం లేని పని. ఎందుకంటే అక్కడి సహజ శత్రువులే దోమలను చాలామట్టుకు అదుపులో ఉంచుతాయి.

కప్పలుంటే డెంగీ రాదన్న మాట కూడా అంత నిజం కాదు. శ్రీలంక శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన ప్రయోగాలలో కొన్ని జాతుల తోకకప్పలు డెంగీ దోమ గుడ్లను తిన్నాయి. కాని డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా ఇంటి తొట్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పలలో. అక్కడికి కప్ప రాదు. వాటిని బోర్లించవలసినది ఇంటివారే. కప్పల ప్రభావం కనబడేది దానికంటె విశాలమైన స్థాయిలో. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామా దేశాలలో 1980ల నుంచి ఒక చర్మపు బూజు వ్యాధి వల్ల కప్పలు వరుసగా ఒక్కొక్క ప్రాంతంలో నశించాయి. అవి నశించిన చోట్ల కొన్నేళ్లపాటు మలేరియా పెరిగిందని, తీవ్రస్థాయిలో వెయ్యిమందికి దాదాపు ఒక కేసు అదనమైందని 2022లో ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఆ బూజును శాస్త్రజ్ఞులు గుర్తించినది 1998–99లో. ప్రపంచమంతటా కనీసం 501 జాతులు దానివల్ల క్షీణించాయి. పశ్చిమ కనుమలలోని కప్పలలోనూ అది కనబడింది గాని, ఇక్కడ సామూహిక మరణాలు నమోదు కాలేదు. చల్లదనం కోరే బూజు అది. కోవిల్‌పట్టి ఎండను అది భరించలేదు.

ఆ కనుమలు విరుదునగర్ జిల్లాకు పడమటి హద్దు. ఈ జిల్లా ఏరులకు పుట్టుక అక్కడే. శ్రీవిల్లిపుత్తూరు వన్యప్రాణి అభయారణ్యం నుంచి 2017లో ఒక క్రొత్త కప్ప జాతిని శాస్త్రలోకం గుర్తించింది. ఊదారంగు, పంది మూతి వంటి ముక్కు, ఏడాదిలో దాదాపు అంతా భూమిలోనే వాసం. 2014లో అగస్త్యమలై అడవులలో పరిశోధన సాగిస్తూ మరణించిన శాస్త్రజ్ఞుడు సుబ్రమణ్యం భూపతి పేరిట దానికి నాసికాబాట్రాకస్ భూపతి అని నామకరణం చేశారు. కేరళ వైపున్న దాని దాయాది నైఋతి ఋతుపవనంలో సంతానం కంటుంది. కొండకు తూర్పున ఉన్న ఇది మాత్రం ఈశాన్య ఋతుపవనానికి వెలుపలికి వస్తుంది. కోవిల్‌పట్టి రైతు దుక్కి దున్నే రోజులలోనే అదీ మట్టి పెళ్లగించుకుని పైకి రావడమన్నమాట. దాని పిల్లలు పారే సెలయేటిలో రాళ్లకు నోటితో అంటుకుని పెరుగుతాయి. సెలయేరు ఆగితే వాటికి రెండవ దారి లేదు.

1970లలో, 80ల తొలినాళ్లలో భారతదేశం ఐరోపాకు, అమెరికాకు కప్ప కాళ్లను పెద్దయెత్తున ఎగుమతి చేసింది. పొలాలలో పురుగు పెరుగుతోందన్న ఆందోళనతో 1987లో దానిని నిషేధించింది. వలతో పట్టేవారిని చట్టం ఆపగలిగింది. ఊరణి చుట్టూ నిలువు గోడ కట్టేవారికి మాత్రం తాము కప్పకు కీడు చేస్తున్నామన్న తలంపే ఉండదు. నాలుగు వైపులా సిమెంటు పూసి, నడకదారి వేసి, దీపాలు పెట్టిన ఊరణి చూడముచ్చటగా ఉంటుంది. అందులో తోకకప్పలు ఎదిగి కప్పలైన నాడు ఎక్కి వెలుపలికి రావడానికి చోటు లేక మునిగిపోతాయి. నిర్మాణ ప్రణాళికపై వార్డు సభలో చర్చ జరిగేటప్పుడు అడగదగిన సవరణ చిన్నదే: ఒక వైపు గట్టును సిమెంటు లేకుండా ఏటవాలు మట్టితోనే ఉంచడం, దాని చెంత పది అడుగుల మేర తుంగ, గడ్డి మిగల్చడం, ఆ వైపు దీపం పెట్టకపోవడం. వాననీటి కాలువలలో అయితే కొంత దూరానికొకసారి అంచుకు చేరేలా రాళ్లు వాలుగా పేర్చినా సరిపోతుంది.